సైకిల్ రేసు చూడ్డానికి వెళ్తున్నాం: ఎక్కడ నిలబడాలి, అసలేం చూడాలి?

అక్కకోసం:

అందరికీ నమస్తే. మా అక్క వచ్చే నెలలో ఒక రోడ్ సైకిల్ రేసులో దిగుతోంది. ప్రొఫెషనల్ రేసేం కాదు, క్లబ్బు వాళ్లు నడిపేది, అందరూ వారమంతా ఉద్యోగాలు చేసుకుని సెలవు రోజున సైకిలెక్కేవాళ్లే. తను చాన్నాళ్లుగా తొక్కుతోంది గానీ రేసు మాత్రం ఇదే మొదలు. అందుకని నేనూ, అక్క పిల్లలిద్దరూ (చిన్నదానికి ఆరేళ్లు, పెద్దోడికి తొమ్మిది) చూడ్డానికి వెళ్దామనుకుంటున్నాం.

నేను ఇంతకుముందు ఇలాంటిది ఒకటి చూశాను. చూశాను అనడం కూడా ఎక్కువే. అంతసేపు ఎండలో నిలబడితే ఒక గుంపు సర్రుమని పోయింది, ఫోన్ తీసేసరికి వీపులు కనిపించాయి, ఆ తర్వాత మళ్లీ చాలాసేపు ఖాళీ రోడ్డు. ఎవరు ముందున్నారో, ఎవరు గెలిచారో మైకులో చెప్పేదాకా తెలీలేదు. ఈసారి కాస్త అర్థం చేసుకుని చూడాలని ఉంది.

రూట్ ఇదీ: 12 కిలోమీటర్ల చుట్టు, ఆడవాళ్లకి ఐదు చుట్లు, మగవాళ్లకి ఏడు. మొదలూ ముగింపూ ఒకేచోట. ముగింపుకి రెండు కిలోమీటర్ల ముందు ఒక ఎత్తు మొదలవుతుంది, కిలోమీటరు పాటు ఎక్కాలి, ఆపైన చివరి కిలోమీటరు చదును. మగవాళ్లు ముందు బయల్దేరతారు, ఐదు నిమిషాల తర్వాత ఆడవాళ్లు. రోడ్డు పూర్తిగా మూసేయరట, రేసు వస్తున్నప్పుడు మాత్రం బండ్లని ఆపుతారట.

ఎక్కడ నిలబడితే మంచిది? ఏం చూస్తే రేసు అర్థమవుతుంది? పిల్లల్ని ఎక్కడ ఉంచాలి? ఏమని అరవాలి? (అక్క మాత్రం "నువ్వు అరవకపోయినా ఫర్వాలేదే" అంది.) ఇంకా మధ్యలో ఒక వాటర్ బాటిల్ అందించమంటోంది, అదెలాగో కూడా ఎవరైనా చెప్పండి.

గాలిచాటు:

ముందు ఒక లెక్క చూడండి. గంటకి 40 కిలోమీటర్లంటే సెకనుకి 11 మీటర్లు. నలభై మంది కలిసి యాభై అరవై మీటర్ల పొడవున వస్తే మీ ముందునుంచి ఐదారు సెకన్లలో దాటిపోతారు. ఆ కాస్త టైములో "అక్కేదీ, అక్కేదీ" అని వెతికితే అక్కా కనపడదు, రేసూ కనపడదు. అందుకే మనుషుల్ని వెతకడం మానేసి గ్యాప్‌లు చూడటం అలవాటు చేసుకోండి. ఎవరికీ ఎవరికీ మధ్య ఎంత ఖాళీ ఉంది, పోయిన చుట్టుకీ ఈ చుట్టుకీ ఆ ఖాళీ పెరిగిందా తగ్గిందా. రోడ్డు రేసులో కథంతా అక్కడే ఉంటుంది, మిగతాదంతా రంగురంగుల జెర్సీలు.

ఎందుకంటే చదును రోడ్డు మీద సైక్లిస్టు ఖర్చుపెట్టే బలంలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే పోతుంది. వేగం రెట్టింపు చేయాలంటే ఆ తోయడానికి కావలసిన పవర్ ఎనిమిది రెట్లవుతుంది. ముందువాళ్ల చక్రం వెనకే అంటిపెట్టుకుని తొక్కితే అదే వేగానికి పావు వంతు నుంచి మూడో వంతు దాకా పవర్ మిగులుతుంది. 2018లో 121 మంది గుంపు నమూనాతో విండ్ టన్నెల్లో, కంప్యూటర్లో పరీక్షిస్తే, గుంపు లోపల వెనకవైపు ఉన్నవాళ్ల మీద పడే గాలి ఒత్తిడి ఒంటరిగా తొక్కేవాళ్లతో పోలిస్తే 5 నుంచి 10 శాతమే అని తేలింది. మీ అక్క రేసులో అంతమంది ఉండరు, అంత లాభమూ ఉండదు, కానీ సూత్రం అదే. కాబట్టి గుంపుకి ముందున్న మనిషిని చూసి "ఈవిడే గెలుస్తోంది" అనుకోకండి. చాలాసార్లు ఆవిడే అందరికంటే ఎక్కువ ఖర్చుపెడుతోంది, వెనక మూడో నాలుగో స్థానంలో మొహంలో ఏ కష్టమూ లేకుండా తొక్కుతున్న మనిషి మీద కన్నేయండి.

ఇక చోటు. ఆ ఎత్తు పైభాగం. ఇంకో ఆలోచన అక్కర్లేదు. ఎక్కేటప్పుడు వేగం పదిహేనుకో ఇరవైకో పడిపోతుంది, అంత తక్కువ వేగంలో చాటున దాక్కోవడం వల్ల పెద్ద లాభం ఉండదు, ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలి. అప్పటిదాకా గుంపులో దాక్కుని వచ్చినవాళ్లు అక్కడ దొరికిపోతారు. పైగా మీ ముందునుంచి పోవడానికి టైమ్ పడుతుంది గనక మొహాలు కనిపిస్తాయి, నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తున్నది ఎవరో, గేరు మార్చి లేచి నిలబడి తొక్కుతున్నది ఎవరో తెలుస్తుంది. సరిగ్గా కొస మీద కాకుండా ఒక యాభై మీటర్లు కిందికి నిలబడితే, ఎక్కడాన్నీ చూడొచ్చు, కొస దాటగానే వేగం పెంచి విడిపోయేవాళ్లనీ చూడొచ్చు. చాలామంది కొస రాగానే అమ్మయ్య అని ఒక్క క్షణం కాళ్లు వదులుతారు, తెలిసినవాళ్లు ఆ క్షణంలోనే దాడి చేస్తారు, అంటే ఒక్కసారిగా వేగం పెంచి విడిపోతారు.

ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. ఎదురుగా ఒక స్తంభాన్నో చెట్టునో గుర్తు పెట్టుకుని, మొదటి రైడర్ దాన్ని దాటగానే నొక్కండి, గుంపులో మొదటి చక్రం దాటగానే మళ్లీ నొక్కండి. అదే గ్యాప్. రెండో చుట్టులో 15 సెకన్లు ఉండి మూడో చుట్టులో 40 అయితే వెనకున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారని అర్థం. 40 కాస్తా 25కి దిగితే ఎవరో గట్టిగా వెంటాడుతున్నారు. పెద్దోడికి తొమ్మిదేళ్లంటున్నారుగా, ఈ పని వాడికి అప్పజెప్పండి, రేసు అయ్యేదాకా ఇంకేం అడగడు.

రాబెర్ షపాట్ అని ఒక ఫ్రెంచ్ కామెంటేటర్ ఉండేవాడు, ఆయన పేరుమీద ఒక పాత లెక్క చలామణీలో ఉంది: గుంపు గట్టిగా వెంటాడితే పది కిలోమీటర్లకి ఒక నిమిషం గ్యాప్‌ని పూడ్చగలదు. అంటే ముగింపుకి పది కిలోమీటర్లు ఉండగా ముందువాళ్లకి నిమిషం పైన ఉంటే ఆశ ఉన్నట్టే. అయితే అది జీతాలిచ్చి పెట్టుకున్న టీములు వంతులవారీగా లాగే (అంటే ముందుండి గాలిని తోసే) రేసులకి సరిపోయే లెక్క. క్లబ్బు రేసులో "నేనెందుకు లాగాలి, నేను లాగితే వెనకున్నది గెలుస్తుంది" అని అందరూ అనుకుంటారు గనక అరనిమిషం గ్యాప్ కూడా చివరిదాకా నిలిచిపోవడం మామూలే. ముందు పారిపోయిన అమ్మాయి క్లబ్బు మనిషే వెనక గుంపులో రెండో మూడో స్థానంలో కూర్చుని, తన వంతు వచ్చినప్పుడు మాత్రం పక్కకి తప్పుకుంటూ ఉంటుంది చూడండి, అది బద్ధకం కాదు, డ్యూటీ.

జెండా_పట్టేవాణ్ణి:

నేను రేసుల్లో మలుపుల దగ్గర మార్షల్‌గా, అంటే జెండా పట్టి జనాన్నీ బండ్లనీ ఆపే మనిషిగా నిలబడతాను, అందుకని వేరే కోణంలో చెప్తాను. గాలిచాటు గారు చెప్పిన చోటు మంచిదే, పిల్లలతో అయితే అదే సరైనది కూడా, ఎక్కేచోట వేగం తక్కువ.

నిలబడకూడని చోటు ముందు తెలుసుకోండి. మలుపుకి బయటి వైపు, ముఖ్యంగా మలుపు తిరిగి బయటికొచ్చే చోట. పట్టు తప్పిన సైకిల్ ఎప్పుడూ బయటికే జారుతుంది, మనిషీ సైకిలూ కలిసి మీ కాళ్ల మీదికి వస్తాయి. లోపలి వైపు కూడా అంచుకి ఆనుకుని నిలబడకండి, రోడ్డు చివర గీత మీదనుంచి తల లోపలికి వంచి తిరుగుతారు, మీ మోకాలు ముందుకుంటే తగులుతుంది. దిగుడు రోడ్డు ఎక్కడైనా ఉంటే దాని చివర అసలు వద్దు. ఇంకొకటి, ముగింపు గీత దాటాక యాభై వంద మీటర్లు. స్ప్రింట్‌లో, అంటే చివర్లో ఉన్న బలమంతా పెట్టి తొక్కేటప్పుడు, తల దించుకుని వచ్చినవాళ్లకి గీత దాటాక ఎదురుగా ఏముందో తెలీదు, ఫొటో కోసమని అక్కడ రోడ్డు మధ్యలో నిలబడేవాళ్లని చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.

రోడ్డు పూర్తిగా మూయరని రాశారు కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. రేసుకి ముందు ఒక బండి వస్తుంది, దాని మీద లైటో జెండానో ఉంటుంది. అది కనిపించిందంటే రోడ్డు ఇక రేసుదే. చివర్లో ఇంకో బండి పోయేదాకా అలాగే లెక్క. కానీ మీ రేసులో రెండు కేటగిరీలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో ముందు బండి ఉండొచ్చు, ప్రతి గుంపూ ముక్కలైపోతుంది, మధ్యలో వెనకబడిన ఒక్కరిద్దరు విడివిడిగా వస్తుంటారు. పెద్ద గుంపు పోయింది కదా అని రోడ్డు దాటేవాళ్ల వల్లే ఎక్కువ ప్రమాదాలు. సైకిల్ చప్పుడు చేయదు, వచ్చేది ఒంటరిగా అయితే అసలు వినపడదు. నేను చెప్పేదాకా దాటొద్దు అంటే కోపగించుకునేవాళ్లున్నారు, ఏం చేస్తాం.

పిల్లలు మీకు చెరో పక్కనా కాకుండా మీ వెనక, లేదా ఇద్దరూ రోడ్డుకి దూరంగా ఉన్న వైపే ఉండాలి. "అమ్మ వచ్చింది" అనగానే ముందుకి ఉరుకుతారు, అది వాళ్ల తప్పు కాదు, వెళ్లేముందే ఒక గీతో రాయో చూపించి దాని అవతలికి అడుగు పడకూడదని ఒప్పందం చేసుకోండి. బంతి తీసుకెళ్లకండి. కుక్క ఉంటే ఇంట్లోనే.

బోర్డు రాసుకెళ్లే ఆలోచన ఉంటే ఛాతీ దగ్గరే పట్టుకోండి. 2021 టూర్ డి ఫ్రాన్స్ మొదటి రోజే ఒకావిడ అట్ట మీద తాతయ్యకీ బామ్మకీ పలకరింపు రాసి టీవీ కెమెరా వైపు తిరిగి రోడ్డులోకి చాచి పట్టుకుంది, వెనకనుంచి వస్తున్న గుంపుని చూడలేదు. జర్మన్ రైడర్ టోనీ మార్టిన్ దానికి తగిలి పడ్డాడు, ఆయన వెనక వచ్చినవాళ్లు ఒకరి మీద ఒకరు పడి రోడ్డంతా మూసుకుపోయింది. తర్వాత కోర్టు ఆవిడకి 1,200 యూరోల జరిమానా వేసింది. ఫోన్‌తో వీడియో తీసేవాళ్లకీ అదే ప్రమాదం, తెరలో సైకిళ్లు దూరంగా ఉన్నట్టు కనిపిస్తాయి, చేయి చాచి తీస్తుంటే ఈలోపు వచ్చేస్తాయి.

ఎవరైనా మీ ముందే పడితే వెంటనే రోడ్డులోకి పరిగెత్తొద్దు. వెనక ఇంకా ఎవరొస్తున్నారో చూడండి, రోడ్డు పక్కనే ఉంటూ కాస్త వెనక్కి నడిచి, వచ్చేవాళ్లకి కనపడేలా రెండు చేతులూ ఊపి ఆగమని సైగ చేయండి, మార్షల్‌ని పిలవండి. పడ్డ మనిషిని పట్టుకుని లేపడం, హెల్మెట్ తీయడం చేయకండి, మెడకి దెబ్బ తగిలి ఉంటే అది ఇంకా చేటు.

రెండో_సీసా:

మా ఆయన రేసులు తొక్కుతారు, సీసాలు అందించేది నేనే, కాబట్టి ఆ సంగతి నేను చెప్తాను.

అసలు అందించొచ్చా లేదా అనేది ముందు అక్కని రేసు నియమాల్లో చూడమనండి. చాలాచోట్ల ఫీడ్ జోన్ అని ఒక ముక్క గుర్తు పెడతారు, ఎక్కే దారి మీదే ఉంటుంది సాధారణంగా, అక్కడే ఇవ్వాలి, అదీ రోడ్డుకి ఒక్క వైపునుంచే. జోన్ బయట ఇస్తే పెనాల్టీ పడేది మీకు కాదు, తనకి. మొదట్లోనూ చివరి చుట్టులోనూ ఇవ్వనివ్వరు చాలా రేసుల్లో. అలాగే వీపు మీద చేయి వేసి తోయడం లాంటివి ప్రేమతో చేసినా తప్పే.

ఇచ్చే పద్ధతి ఇదీ. మూత గట్టిగా బిగించి, సీసాని పైకొసన మూత దగ్గర వేళ్లతో మాత్రమే పట్టుకోండి, తను సీసాని మధ్యలో పట్టుకోవడానికి చోటు ఉండాలి. చేయి పక్కకి పూర్తిగా చాచి తన భుజం ఎత్తులో ఉంచండి. తను వెళ్లే దిక్కుకే మీరూ నడుస్తూ ఉండండి, వీలైతే నెమ్మదిగా పరిగెత్తండి, నిలబడి ఇస్తే చేతిమీద పెద్ద కుదుపు. తన చేయి తగలగానే వదిలేయండి. వెనక్కి లాగొద్దు, వెంట పడొద్దు, కిందపడితే పడనివ్వండి, దానికోసం రోడ్డులోకి వంగొద్దు. ఇదంతా చదవడానికి తేలిగ్గానే ఉంటుంది గానీ ముందు రెండు మూడు రోజులు ఖాళీ రోడ్డు మీద అక్కతో ప్రాక్టీస్ చేయండి, లేకపోతే ఇద్దరికీ టెన్షన్. దూరంనుంచే గుర్తుపట్టేలా కొట్టొచ్చే రంగు బట్టలు వేసుకోండి, ఎటువైపు నిలబడతారో, ఎన్నో చుట్టులో ఇస్తారో ముందే చెప్పుకోండి. ఎందుకంటే తను గుంపు మధ్యలో ఉంటే అంచుకి రావడానికి ముందునుంచే చూసుకోవాలి. ఆ పని పిల్లలకి ఇవ్వొద్దు, ఎంత అడిగినా.

60 కిలోమీటర్ల రేసంటే సైకిల్ మీద రెండు సీసాలు పట్టే స్టాండ్లుంటే చాలామందికి అవే సరిపోతాయి, మరీ ఎండ ఉంటే తప్ప. తనకి మొదటి రేసు కాబట్టి గుంపులో ఒంటి చేత్తో సీసా అందుకోవడం కంటే రెండూ తీసుకెళ్లడమే నయమని నా అభిప్రాయం. తనతో మాట్లాడి చూడండి.

ఇక అరవడం. పేరు పెట్టి పిలవండి, అంతకంటే బాగా పనిచేసేది ఇంకేదీ లేదు. "ఇంకొంచెమే" అనకండి, ముఖ్యంగా రెండో చుట్టులో. ఎంత మిగిలిందో వాళ్లకి మీకంటే బాగా తెలుసు, అబద్ధం అని కూడా తెలుసు. ఉపయోగపడేది ఏదైనా చెప్పగలిగితే చెప్పండి: "ముందు ఇద్దరున్నారు, ఇరవై సెకన్లు", "వెనక ఎవరూ లేరు", అంతే. రెండు ముక్కల కంటే ఎక్కువ చెవికెక్కవు. నవ్వుతూ చేయి ఊపలేదని నొచ్చుకోకండి, ఆ ఎత్తు మీద తనకి మీరు ఒక రంగు మచ్చలా కనిపిస్తారు.

సోఫా_రేసర్:

అందరూ ఇంత ఓపిగ్గా చెప్తున్నారు గానీ నిజం మాట్లాడుకుందాం, రోడ్డు రేసు నేరుగా చూడటం బోరు. 12 కిలోమీటర్ల చుట్టు అంటే ఇరవై నిమిషాలకి ఒకసారి, గంటా ముప్పావులో ఐదు సార్లు, కలిపితే రెండు నిమిషాలు కూడా చూడరు. ఇంట్లో టీవీలో అయితే హెలికాప్టర్ షాట్లు, గ్యాప్‌లు తెర మీద, కామెంటరీ, అన్నీ ఉంటాయి. నేరుగానే చూడాలంటే క్రిటీరియం చూడాలి. కిలోమీటరో కిలోమీటరున్నరో చుట్టు, రెండు నిమిషాలకోసారి మీ ముందునుంచే పోతారు, మధ్యలో గంట కొడితే ఆ చుట్టు ముందు దాటినవాళ్లకి ప్రైజు, మలుపులే మలుపులు, ప్రతి మలుపు తర్వాతా వెనకవాళ్లు మళ్లీ స్ప్రింట్ చేసి అందుకోవాలి. అదీ ప్రేక్షకుడి కోసం పుట్టిన రేసు. ఇదేమో తొక్కేవాళ్ల కోసం.

గాలిచాటు:

@సోఫా_రేసర్ క్రిటీరియం గురించి మీరు చెప్పిందంతా నిజమే, సందేహం లేదు. కొత్తగా చూసేవాళ్లకి తేలిగ్గా ఉంటుంది, పడిపోయినా పంక్చరైనా ఒక చుట్టు ఆగి మళ్లీ అదే గుంపులో కలవనిస్తారు (చివరి కొన్ని చుట్లలో తప్ప) కాబట్టి చూసేవాళ్లకి కూడా కథ మధ్యలో తెగిపోదు. కానీ ఆవిడ చూడబోయేది వాళ్లక్కని, మీ టీవీలో వాళ్లక్క రాదు. పైగా ఆ ఇరవై నిమిషాల ఖాళీయే నాకు ఇష్టం. పోయిన చుట్టులో ముగ్గురు విడిపోయారు, వాళ్లలో ఒకావిడ అప్పటికే ఊగిపోతోంది, ఇప్పుడు ఎంతమంది వస్తారు అని పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషితో పందెం వేసుకుంటూ గడిపేస్తాం. మలుపు దగ్గర మొదటి హెల్మెట్ కనిపించగానే లెక్కపెట్టడం మొదలు. టీవీ ముందు కూర్చుంటే గ్యాప్ వాళ్లే చెప్పేస్తారు, ఇంక ఊహించడానికి ఏముంది?

సోఫా_రేసర్:

సరే, వాళ్లక్క టీవీలో రాదనే పాయింటు ఒప్పుకుంటాను. మిగతాది వద్దు 😄

అక్కకోసం:

ఇన్ని వివరాలు వస్తాయనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. బాటిల్ సంగతి అక్కకి చదివి వినిపించాను, రెండు సీసాలూ తనే తీసుకెళ్తానంది, నాకు పెద్ద బరువు దిగింది. పెద్దోడు అప్పుడే ఇంట్లో స్టాప్‌వాచ్ పట్టుకుని చెల్లెల్ని పరిగెత్తిస్తున్నాడు.

ఇంకో రెండు డౌట్లు. మగవాళ్లూ ఆడవాళ్లూ ఒకే రోడ్డు మీద ఉంటే ఎవరు ఏ రేసులో ఉన్నారో ఎలా తెలుస్తుంది? గుంపులు కలిసిపోవా? రెండోది, అడగడానికి మొహమాటంగా ఉంది గానీ, మొదటి రేసు కదా, అక్క గుంపునుంచి వెనకబడిపోతే ఏమవుతుంది? అప్పుడు మేం ఏం చేయాలి? పిల్లలు చూస్తుంటారు, అదొక్కటే నాకు బెంగ.

జెండా_పట్టేవాణ్ణి:

మొదటిదానికి నేను చెప్తాను. నంబర్లు చూడండి, చాలా రేసుల్లో ఒక్కో కేటగిరీకి ఒక్కో వరుస ఇస్తారు, ఉదాహరణకి ఒకటినుంచి మగవాళ్లకి, నూటొకటినుంచి ఆడవాళ్లకి, కొన్నిచోట్ల నంబర్ రంగు కూడా వేరు. స్టార్ట్ దగ్గర అతికించిన లిస్టుని ఫోన్లో ఫొటో తీసుకోండి. ఇక కలవడం సంగతంటారా, మీ రూట్ లెక్క చూస్తే మగవాళ్లు గంటకి 38 చొప్పున తొక్కితే చుట్టుకి 19 నిమిషాలు, ఆడవాళ్లు 34 చొప్పున అయితే 21. చుట్టుకి రెండు నిమిషాల చొప్పున దూరం పెరుగుతుంది తప్ప ఆడవాళ్ల రేసు అయ్యేలోపు మగవాళ్ల ముందు గుంపు వాళ్లని వెనకనుంచి అందుకోలేదు. కానీ మగవాళ్ల గుంపునుంచి ఊడిపోయినవాళ్లు ఒక్కొక్కరే ఆడవాళ్లకి దొరుకుతారు, అప్పుడు కంగారు. ఒక కేటగిరీ వాళ్లు ఇంకో కేటగిరీ వాళ్ల చాటున తొక్కకూడదని సాధారణంగా నియమం ఉంటుంది, పక్కనుంచి దాటి పోవాల్సిందే, దాని మీద అధికారులు గట్టిగానే ఉంటారు. అందుకే ఆడవాళ్ల గుంపు ముందు ఒక మగాయన కనిపిస్తే ఆవిడెవరో పారిపోయిందని అరవకండి, ముందు నంబర్ చూడండి.

రెండో_సీసా:

వెనకబడటం గురించి. నిజం చెప్పాలంటే మొదటి రేసులో అలా జరగడానికే ఎక్కువ అవకాశం, అక్కకి కూడా అది తెలిసే ఉంటుంది. గుంపు చాటు పోగానే అప్పటిదాకా తేలిగ్గా వచ్చిన వేగానికి ఒక్కసారిగా ఎంతో ఎక్కువ బలం కావాలి, అందుకే ఒకసారి తెగితే పది మీటర్లు కూడా పూడ్చలేరు. బయటనుంచి చూసేవాళ్లకి "ఇంకాస్త తొక్కితే అందుకునేది కదా" అనిపిస్తుంది, ఆ మాట మాత్రం తర్వాత ఇంట్లో కూడా అనకండి. ఒంటరిగా తొక్కేవాళ్లు చాలాసార్లు వెనకొచ్చే ఇంకో ఇద్దరు ముగ్గురితో కలిసి వంతులు వేసుకుని పూర్తి చేస్తారు, అదీ రేసే, ఆ చిన్న గుంపులో పన్నెండో స్థానం కోసం జరిగే స్ప్రింట్ ఒక్కోసారి మొదటి స్థానం కంటే కసిగా ఉంటుంది.

మీరు చేయాల్సింది, ముందు గుంపు పోగానే సర్దుకుని వెళ్లిపోకుండా ఉండటం. జనం చప్పట్లు ముందువాళ్లకే అయిపోతాయి, చివర్లో వచ్చేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి రోడ్డు పక్క ఎవరూ ఉండరు. పిల్లలకి ముందే చెప్పండి, అమ్మ ఎన్నోది అని కాకుండా పోయిన చుట్టు కంటే ఈ చుట్టు ఎన్ని నిమిషాలు పట్టిందో చూడమనండి. మధ్యలో ఆపేసినా కంగారు పడకండి, పంక్చరైనా, ఒంట్లో బాగోకపోయినా, చాలా వెనకబడితే అధికారులే ఆపమన్నా ఆపేయాల్సి వస్తుంది. అనుకున్న టైముకి రాలేదంటే దగ్గర్లో ఉన్న మార్షల్‌ని నంబర్ చెప్పి అడగండి, రూట్ మీద ఎదురు వెతుక్కుంటూ మాత్రం వెళ్లకండి.

అక్కకోసం:

చప్పట్ల సంగతి గుర్తుపెట్టుకుంటాను. ఆఖరి ప్రశ్న: ముగింపు చూడాలంటే ఎత్తు దగ్గరనుంచి ఎప్పుడు కదలాలి? అక్కడ ఏ పక్కన నిలబడాలి?

గాలిచాటు:

ఆడవాళ్లు నాలుగోసారి ఎత్తు దాటి, మీ అక్క కూడా దాటగానే బయల్దేరండి. ఇరవై నిమిషాల పైన ఉంటుంది, కిలోమీటరు నడవాలి, ఆరేళ్ల పిల్లతో అయినా సరిపోతుంది గానీ ఆగి ముచ్చట్లు పెట్టుకునేంత ఉండదు. రోడ్డు దిగి పక్కనే నడవండి, మగవాళ్లు ఇంకా తిరుగుతూనే ఉంటారు. చివరి కిలోమీటరు మొదట్లో ఎర్ర జెండా కడితే అక్కడినుంచే ఆట మొదలు, ఆ ఆనవాయితీ టూర్ డి ఫ్రాన్స్‌లో 1906 నుంచీ ఉంది.

గీతకి ఎదురుగా అందరూ నిలబడతారు, అక్కడ జెయింట్ వీల్ దగ్గర క్యూలా తోసుకుంటారు, పిల్లలకి ఏం కనపడదు. గీతకి ముందు వందా నూట యాభై మీటర్ల దగ్గర, బారికేడ్ వెనక నిలబడండి. స్ప్రింట్ మామూలుగా చివరి రెండొందల మీటర్లలోనే పేలుతుంది, అది కూడా పదిహేను సెకన్లలోపే. ముందుగా మొదలుపెట్టినవాళ్లు గాలికి అలిసి ఎక్కడ ఆగిపోతారో, వాళ్ల చాటునుంచి ఎవరు పక్కకి వచ్చి దాటుతారో సరిగ్గా ఆ ముక్కలోనే కనిపిస్తుంది. గీత దగ్గర నిలబడ్డవాళ్లకి కనపడేది ఫలితమే.

గెలిచింది ఎవరనేది తలని చూసో చేతిని చూసో చెప్పకండి, ముందు టైరు అంచు గీతని ఎప్పుడు తాకిందనేదే లెక్క. అందుకే చివరి క్షణంలో చేతులు ముందుకి చాచి సైకిల్‌ని ముందుకి విసిరినట్టు తోస్తారు. ఇటలీలో జరిగే మిలాన్–సాన్ రెమో అనే ఒకరోజు రేసులో 2004లో ఎరిక్ జాబెల్ గెలిచాననుకుని చేతులు పైకెత్తాడు, పక్కనుంచి ఆస్కార్ ఫ్రెయిరే చక్రం ముందుకి తోసి గెలిచేశాడు. అలాంటిది క్లబ్బు రేసుల్లో కూడా జరుగుతుంది, మైకులో చెప్పిన పేరు ఫొటో చూశాక మారిపోతుంది కూడా.

రెండో_సీసా:

ఇంకొకటి, నంబర్ ఎటువైపు పిన్ చేయాలో రిజిస్ట్రేషన్ దగ్గరే చెప్తారు. జడ్జీలు, కెమెరా ఉండే వైపే కనపడాలి, లేకపోతే దాటినా లిస్టులో పేరు ఎక్కదు. ఒంగి కూర్చున్నప్పుడు ముడత పడకుండా ఉండాలి, కాబట్టి అక్క సైకిల్ మీద కూర్చున్నట్టు ముందుకి వంగి నిలబడితే మీరు పిన్ చేయండి, నాలుగు మూలలా పెట్టి ఆపకుండా మధ్యలో కూడా పెట్టండి, గాలికి లేచి పటపటలాడితే దారంతా చిరాకు. తను ఒక్కతే అద్దం ముందు ఈ పని చేసుకోలేదు, మీరు కాస్త ముందే వెళ్లండి.

అక్కకోసం:

పిన్నులు నా బ్యాగులో పెట్టేశాను. రేసయ్యాక గ్యాప్‌ల లెక్కలు ఇక్కడే పెడతాను, పెద్దోడు రాసినవి రాసినట్టు.